గండి పడని ఏడు

మా వాగును చూసి ఎవరైనా "ఇదేనా?" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇదే. ఎండాకాలంలో చెప్పులు విప్పకుండా దాటొచ్చు, వానాకాలంలో బట్టలు మోకాళ్ళ దాకా ఎత్తుకుంటే చాలు. దానికో పేరు పెట్టే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు. అయినా ఆ కాస్త నీళ్ళ కోసం పై ఊరూ కింది ఊరూ తాతల నాటి నుంచి తిట్టుకున్న తిట్లన్నీ పోగేస్తే మాత్రం పెద్ద నదే పారుతుంది.

నాది కింది ఊరు. బట్టలు కుట్టుకుని బతుకుతాను. మా అక్కని పై ఊళ్ళో ఇటుకలు చేసే మనిషికి ఇచ్చారు. అందుకని మా ఊరివాళ్ళు నన్ను "పై ఊరి చెవి" అంటారు. పై ఊరివాళ్ళు అక్కని ఇప్పటికీ "కింది ఊరి పిల్ల" అంటారు, తల సగం నెరిసినా సరే.

తగువు చాలా చిన్నది. పై ఊరి పొలాలు మెరక. వాగు నీళ్ళు వాళ్ళ కాలువలోకి ఎక్కాలంటే వాగుకి అడ్డంగా మట్టి కట్ట వేయాలి. వేస్తే కింద మాకు వాగు ఎండుతుంది. కాబట్టి వాళ్ళు కట్ట వేయడం, మావాళ్ళు వెళ్ళి గండి కొట్టడం. వాళ్ళు పూడ్చడం, మళ్ళీ మావాళ్ళు కొట్టడం. పూడ్చినన్నాళ్ళు వాళ్ళ పొలం తడిసేది, కొట్టినన్నాళ్ళు మా పొలం తడిసేది. ఎవరి పంటా ఎండలేదు. ఎవరి నోరూ ఎండలేదు.

దొంగచాటుగా కొట్టడమనే మాటే లేదు. మావాళ్ళు పొద్దున్నే ఇంటి పనులన్నీ చక్కబెట్టుకుని, పారలు భుజాన వేసుకుని, ఎంతో దూరం నుంచే కేకలు పెట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. అవతల ఎవరూ రాకపోతే ఒడ్డున కూర్చుని మళ్ళీ కేకలు పెట్టేవాళ్ళు. తిట్టే మనిషి ఎదురుగా లేకుండా గండి కొట్టడానికి మనసెలా ఒప్పుతుంది, చెప్పండి!

ఆ కట్ట వేసేది మా బావ. ఇటుకలు చేసే చెయ్యి కదా, మట్టి ఆయన మాట వింటుంది. కట్టంతా గట్టిగా తొక్కి, మధ్యలో ఒక్క చోట మాత్రం గడ్డి కలిపి, తొక్కకుండా వదులుగా వదిలేసేవాడు. మావాళ్ళు సరిగ్గా అక్కడే పార వేసేవాళ్ళు. కొట్టడమూ తేలిక, పూడ్చడమూ తేలిక. ఈ సంగతి రెండు ఊళ్ళలో అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు. ఒకసారి మా ఊరి కొత్త అల్లుడు ఒకడు ఉత్సాహం ఆపుకోలేక పక్కన పార వేయబోతే, మావాళ్ళే చెయ్యి పట్టుకుని లాగారు.

"అక్కడ కాదయ్యా బాబూ, ఇక్కడ. మర్యాద తెలీదా?"

ఇక మా అక్క సంగతి. ఈ రెండు ఊళ్ళలో గోడ లేపిన ప్రతివాడూ మా బావ ఇటుకతోనే లేపాడు. అక్క మాత్రం పెళ్ళైన నాటి నుంచీ రేకుల షెడ్డులోనే వండుతోంది. గాలి వీస్తే పొయ్యి ఆరిపోతుంది, వాన వస్తే పొయ్యి మునిగిపోతుంది. "ఈసారి బట్టీ మనదే" అని బావ ప్రతి ఏడూ అంటాడు. ఎవడో ఒకడు వచ్చి బుర్ర గోక్కుంటూ నిలబడగానే ఇచ్చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి.

ఆ ఏడు అక్క భీష్మించుకు కూర్చుంది. మట్టి తనే తొక్కింది, అచ్చులు తనే వేసింది, అరచేతుల చర్మం లేచిపోతే గుడ్డ చుట్టుకుని మళ్ళీ వేసింది. కట్టకి పై వైపున, వాగు పక్కనే ఉన్న పల్లపు నేలలో పచ్చి ఇటుకలు వరసలు వరసలుగా పేర్చింది. కట్టకి ఆనుకుని వాళ్ళకో మెరక ముక్క ఉంది. అక్కడ తాడు పట్టించి, సున్నంతో ఇంటి గీతలు గీయించింది. నేను వెళ్తే చాలు, ఆ గీతల మధ్య తిప్పేది.

"అటునుంచి కాదే, అది గోడ. ఇటు గుమ్మంలోంచి రా. ఇదీ వంటిల్లు. కిటికీ వాగు వైపు."

నేను నవ్వేదాన్ని. తను నవ్వేది కాదు. లేని గుమ్మం ముందు చెప్పులు విప్పించేది.

పచ్చి ఇటుక కాల్చేదాకా ఇటుక కాదు, ఇటుక ఆకారంలో ఉన్న బురదే. అక్క ఇటుకలకి ఇంకా కొన్ని ఎండలు కావాలి. సరిగ్గా అప్పుడే మా రెండు ఊళ్ళకీ స్నేహమనే జబ్బు పట్టుకుంది.

అంటించింది ఒక ఆఫీసరు. వాగు మీద వంతెన కావాలని రెండు ఊళ్ళూ ఎవరి దారిన వాళ్ళు ఆయన చుట్టూ కాళ్ళరిగేలా తిరిగేవి. ఆయన విసుగెత్తి, "ముందు మీరు కలిసి ఉండటం నేర్చుకోండి. వానలు పడ్డాక నేనే వచ్చి చూస్తా. కలిసి కనిపిస్తే వంతెన, లేకపోతే లేదు" అన్నాడట. కలిసి ఉండమంటే మావాళ్ళకి ఏం తెలుస్తుంది? కలిసి కనిపించడానికి మాత్రం నడుం కట్టారు.

పై ఊరికి పెద్ద మిల్లాయన. పిండి మిల్లు మోతలో బతికి బతికి, చెవి దగ్గర రహస్యం చెప్పినా ఊరంతా వినపడేలా చెప్తాడు. మా ఊరికి పెద్ద మాస్టారు. రిటైరై ఏళ్ళయింది గానీ, మనిషిని బెంచీ ఎక్కించే ఆ చూపు ఇంకా రిటైర్ కాలేదు. నిన్నమొన్నటి దాకా ఒకరినొకరు "పిండి మూట" అనీ "చాక్‌పీసు ముక్క" అనీ పిలుచుకున్న మనుషులు, ఇద్దరూ మైకు ముందు కౌగిలించుకుని, "బావగారూ" అంటే "బావగారూ" అనుకున్నారు. జనం చప్పట్లు చరిచారు. మా అక్క కూడా చరిచింది, పిచ్చి మొహం.

ఒప్పందం ఏమిటంటే, కింది ఊరు ఇక కట్ట మీద చెయ్యి వేయదు. బదులుగా కట్ట నిండి పైనుంచి పొర్లే నీళ్ళన్నీ కింది ఊరివి. వినడానికి ఎంత ముచ్చటగా ఉంది! మిల్లాయన అక్కడితో ఆగలేదు. తాతల నాటి నుంచీ ఎవరూ నోరు విప్పని మాటని మైకులోనే అరిచేశాడు.

"ఏమయ్యా, ఈసారి ఆ మెత్త చోటు పెట్టకు. స్నేహితుల మధ్య మెత్త చోటెందుకు? గట్టిగా వెయ్యి!"

బావ వేశాడు. పాపం, ఆయన్ని అని ఏం లాభం? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెడగొట్టడానికి కాకుండా నిలబెట్టడానికి ఒక కట్ట వేయమన్నారు. కింద రాళ్ళు పరిచాడు, బంకమట్టి తెచ్చి తొక్కాడు, పైన అరచేత్తో నిమిరి నున్నగా చేశాడు. రోజూ పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా వెళ్ళి దాన్ని చూసుకునేవాడు. కట్ట మీద బోర్డు కూడా పాతారు, మాస్టారి గుండ్రటి అక్షరాలతో: "స్నేహ కట్ట. ఎవరూ ముట్టరాదు." ఆఫీసరు వచ్చి చూసేదాకా కాపలా ఉండమని బావ చేతికే ఒక కర్ర ఇచ్చారు.

ఎగువన ఎక్కడో వాన పడింది. కట్ట వెనక నీళ్ళు పెరగడం మొదలుపెట్టాయి. అవి కట్ట పైకి ఎక్కే ముందు పక్కనున్న పల్లంలోకి పోతాయని రెండు ఊళ్ళలో ఒక్క బుర్రకీ తట్టలేదు. ఎలా తడుతుంది? కట్ట అంతసేపు తెగకుండా నిలబడిన ఏడు ఎవరైనా చూస్తే కదా!

ఆ పొద్దున అక్క వాగు రాళ్ళ మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. నేను మిషను మీద ఉన్నాను. గుమ్మం పట్టుకుని రొప్పుతూ నిలబడింది.

"అడుగు వరసలు తడిశాయే. ముట్టుకుంటే వేలు దిగుతోంది."

"బావేడీ?"

"కట్ట మీద కాపలా ఉన్నాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కత్తెర అక్కడే పడేసి బయల్దేరాను.

మొదట మిల్లుకి వెళ్ళాం. పిండి దుమ్ములో మిల్లాయన కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి. అక్క రెండు చేతులూ జోడించింది.

"అయ్యా, కట్ట కాస్త తెంపించండి. నా ఇటుకలు మునుగుతున్నాయి."

మిల్లాయన బెల్టు ఆపాడు. మిల్లు ఆగింది, ఆయన గొంతు మాత్రం తగ్గలేదు. "తెంపాలా? మేమా? కట్టేవాళ్ళం మేం అమ్మాయ్! మా కట్టని మేమే తెంపుకున్నామంటే నలుగురూ మొహాన ఉమ్మరూ? తెంపడం కింది ఊరి పని. మాస్టారిని అడుగు."

"ఆయన తెంపితే మీరు ఊరుకుంటారా?" అన్నాను నేను.

"ఎలా ఊరుకుంటాం? ఒప్పందం ఉందిగా!"

మాస్టారి ఇంటికి పరుగెత్తాం. బల్ల మీద పాత బడిగంట పెట్టుకుని, దాన్ని తుడుచుకుంటూ కూర్చున్నారు. మొత్తం విన్నారు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"కష్టంగానే ఉంది. కానీ మాట ఇచ్చాం కదమ్మా. మాట తప్పడమంటే మాటలా?"

"మాస్టారూ, పోయినేడు ప్యాంటు మడుచుకుని మొదటి పార వేసింది మీరే!"

"అప్పుడు శత్రువులం" అన్నారాయన, నేనేదో అక్షరదోషం చేసినట్టు చూస్తూ. "శత్రువు కట్ట తెంపొచ్చు. మిత్రుడి కట్ట ఎలా తెంపుతాం?"

వాదనలో ఎక్కడా తప్పు లేదు. అదే నా కడుపు మంట. అంత చక్కటి వాదన ముందు మా అక్క వంటిల్లు కరిగిపోతోంది.

మేం తిరిగి వాగు దగ్గరికి వచ్చేసరికి రెండు ఊళ్ళూ రెండు ఒడ్డులా చేరాయి. తగువు లేకపోయినా అలవాటు కొద్దీ వచ్చేశారు. ఎవరినీ తిట్టడానికి లేక చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డారు. మిల్లాయనా మాస్టారూ గొడుగులు వేసుకుని దిగారు.

"మీరేమంటారు బావగారూ?"

"మీరే చెప్పాలి బావగారూ."

"అబ్బే, మీ మాటే నా మాట."

ఇద్దరూ నీళ్ళు నమిలారు. నమలడానికి కావలసినన్ని నీళ్ళున్నాయి మరి, కట్ట నిండా. ఇంకో వరస ఇటుకలు మెత్తబడి నడుం విరిగి కూర్చున్నాయి. అక్క పార అందుకుంది.

అంతే! ఇంతసేపూ మాట పెగలని రెండు ఊళ్ళకీ ఒక్కసారి గొంతు లేచింది. పై ఊరు "ఆపు" అంది, కింది ఊరు "ఆపు" అంది. నా జన్మలో మొదటిసారి రెండు ఒడ్డులా ఒకే మాట విన్నాను. ఆ ఐకమత్యం ఏదో మా అక్క మీద చూపించడానికే ఇన్నాళ్ళూ దాచుకున్నట్టున్నారు.

బావ కట్ట మీద కర్ర పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఆయన ముందుకి వెళ్ళింది.

"తప్పుకుంటావా?"

ఆయన కట్ట వైపు చూశాడు, ఇటుకల వైపు చూశాడు. కర్ర మాత్రం దించలేదు.

"సరే" అంది అక్క. "నీ కట్టని నేను ముట్టుకోను."

గిరుక్కున తిరిగి తన మెరక ముక్క మీదికి ఎక్కింది. సున్నం గీతల మధ్యకి వెళ్ళి, తను రోజూ నాచేత చెప్పులు విప్పించిన గుమ్మం దగ్గర పార దించింది. కట్టకి పక్కగా, ఆ ముక్కని చీలుస్తూ కాలువ తవ్వితే నీళ్ళు కట్టని చుట్టుకుని కింద వాగులో కలుస్తాయి. కట్ట చెక్కు చెదరదు. ఒప్పందమూ చెక్కు చెదరదు. ఇంటి జాగా ఒక్కటే పోతుంది.

"అక్కా, అది వంటిల్లే!" అన్నాను.

"తెలుసు. తవ్వు."

నేనూ పార పట్టాను. సూది పట్టే చెయ్యి, కాసేపటికే బొబ్బలెక్కింది. ఒడ్డున జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఎవరి జాగా వాళ్ళు తవ్వుకుంటే కాదనడానికి ఒప్పందంలో ఏమీ లేదు. మాస్టారు దాని కోసం బుర్రలో వెతుక్కుంటున్నట్టే ఉంది.

అక్క తవ్వుతూనే ఏడ్చింది. కన్నీళ్ళు తుడుచుకోలేదు, పార ఆపలేదు. అప్పుడు కర్ర కింద పడిన చప్పుడు వినిపించింది. బావ వచ్చి అక్క చేతిలో పార తీసుకున్నాడు. మట్టి ఎక్కడ తెగుతుందో తెలిసిన మనిషి, నాలుగు పోట్లలో దారి చూపించేశాడు. నీళ్ళు సన్నగా వచ్చి, సున్నం గీత దగ్గర కాస్త ఆగి, గుమ్మంలోంచే లోపలికి వచ్చాయి. ఆ తర్వాత ఆగలేదు. వంటిల్లూ కిటికీ ఉండాల్సిన చోటూ అన్నీ కోసుకుంటూ అటునుంచి వాగులో పడ్డాయి.

పల్లంలో నీళ్ళు దిగాయి. అడుగు వరసలు పోయాయి, పైవి నిలిచాయి. అక్క వాటి పక్కన బురదలో చతికిలబడి, ఒక ఇటుకని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇటుకలున్నాయి, ఇల్లు కట్టే చోటు లేదు.

ఎండ వచ్చాక ఆఫీసరు వచ్చాడు. ఆపాటికి వాగు పూర్తిగా కొత్త దారి పట్టేసింది. పాత దారిలో నీటి చుక్క లేదు. ఎండిన ఇసుక మధ్యలో స్నేహ కట్ట మాత్రం నున్నగా, నిండుగా, బోర్డుతో సహా నిలబడి ఉంది. ఆఫీసరు దాని చుట్టూ తిరిగాడు.

"భేష్! ఎక్కడా చిన్న బీట కూడా లేదే."

"ఎవరూ ముట్టుకోలేదు సార్" అన్నాడు మిల్లాయన, గర్వంగా. మాస్టారు తలాడించారు. ముగ్గురూ కట్ట ముందు నిలబడి ఫొటో దిగారు. వంతెన మంజూరైంది. పాత దారి మీదే.

సంబరం తీరేసరికి పై ఊరికి కాలువలో నీళ్ళు లేవన్న సంగతి తెలిసొచ్చింది. వాగు ఇప్పుడు అక్క జాగాలోంచి జారిపోతోంది. దానికి అడ్డంగా కొత్త కట్ట వేస్తే తప్ప పొలాలు తడవవు. అక్క ఒప్పుకుంటే తప్ప కట్ట వేయడానికి లేదు. మిల్లాయన రేకుల షెడ్డుకి వచ్చాడు. ఆయన వస్తున్నాడని తెలిసి మాస్టారు కూడా వచ్చారు. వంగకపోతే ఆ గుమ్మంలో తల కొట్టుకుంటుంది. ఇద్దరూ కొట్టుకున్నారు.

అక్క లేవలేదు. పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూనే అడిగింది.

"కట్ట వేసుకోండి. మరి నా ఇల్లు ఎక్కడ కట్టుకోను?"

మిల్లాయన నేల చూపులు చూశాడు. మిల్లుకి అవతల, వాగు ఒడ్డునే, ఆయన పాత ఇనుము పడేసుకునే మెరక ఒకటుంది. అక్కకి తెలుసు, నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. కాసేపు బుర్ర గోక్కున్నాడు. ఆయన బుర్ర గోక్కోవడం, మా అక్క ఇవ్వకుండా కూర్చోవడం చూసి నా కడుపు నిండిపోయింది.

"సరేలే అమ్మాయ్. ఆ ఇనుప జాగా నీదే" అన్నాడు. మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.

"ఇంకో మాట. కొత్త కట్టలో మెత్త చోటు ఉండాలి. మాస్టారూ, మీరు వచ్చి దాన్ని కొట్టాలి. అయ్యా, మీరు వచ్చి తిట్టాలి. ఎప్పటిలాగే, శుభ్రంగా."

మాస్టారు గతుక్కుమన్నారు. "మరి మన స్నేహం?"

"అది అక్కడుందిగా మాస్టారూ, బోర్డు పెట్టి మరీ" అంది అక్క. "దాన్నెవరూ ముట్టుకోకండి."

వంతెన కట్టారు. ఇసుక మీద మహా ఠీవిగా నిలబడి ఉంటుంది. ఇప్పటికీ మేం దాని పక్కనుంచి వెళ్ళి, రాళ్ళ మీద కాళ్ళు పెట్టుకుంటూ వాగు దాటుతాం.

అడుగు వరసలు కరిగిపోయాయి కనుక అక్క ఇంటికి ఒక గది తగ్గింది. వంటిల్లు తగ్గలేదు. కిటికీ వాగు వైపే పెట్టించింది. ఇల్లు పూర్తయ్యాక నేను మొదటిసారి వెళ్ళిన రోజున అడక్కుండానే గుమ్మం దగ్గర చెప్పులు విప్పాను. సరిగ్గా అప్పుడే అవతల కేకలు మొదలయ్యాయి. మావాళ్ళు పారలతో వస్తున్నారు.

"ఒరేయ్ పిండి మూటా! నీ కట్ట తెగిందిరా!"

"రారా చాక్‌పీసు ముక్కా! నీ సంగతి చూస్తా!"

ఇద్దరి గొంతుల్లోనూ ఎన్నాళ్ళకో ప్రాణం లేచొచ్చినట్టుంది. మెత్త చోటు ఎక్కడుందో చూపించడానికి బావ అప్పటికే కట్ట మీద నిలబడి ఉన్నాడు, అటు తిరిగి, ఏమీ తెలియనట్టు. అక్క కిటికీలోంచి ఓసారి చూసి, టీకి నీళ్ళు పెట్టింది. బయట గాలి గట్టిగానే వీస్తోంది. పొయ్యి ఆరలేదు.